అట్ట మీద ‘నవల’ అని ఎందుకు వేశాం

మీరు రాసిన పుస్తకంలో మీ అమ్మ ఉంది కదా, ఆ పేజీలు ఆమెకు చదివి వినిపించారా?

రాతప్రతి పట్టుకుని మా ఆఫీసుకు వచ్చిన ప్రతివాళ్లనూ నేను ఈ ప్రశ్న అడిగాను. ఎక్కువమంది కిటికీ వైపు చూసేవారు. ఆ కిటికీలోంచి చూడటానికి ఏమీ లేదు. ఎదురుగా రేకుల షెడ్డు, అందులో ఆగకుండా కొట్టుకునే సాంచెలు. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచె అనే అంటారు. సిరిసిల్లలోనూ అదే మాట, సూరత్‌లోనూ అదే మాట.

ఇప్పుడు నేను ఆ ఆఫీసులో లేను. పోయిన ఏడాది రిటైరయ్యాను. నా తర్వాత ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి, “సార్, ఇది నవలా, ఆత్మకథా అని ఎట్లా తేల్చాలి?” అని అడుగుతున్నారు. ఫోనులో చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. భయపడాల్సిన పని లేదు, ఇది మంచిగా ముగిసిన సంగతే.

ఏ పని చేశాను

నా ఉద్యోగమంతా సూరత్‌లోని ఉధ్నాలో ఒక చిన్న తెలుగు ప్రచురణ సంస్థలో సంపాదకుడిగా గడిచింది. కింద అచ్చుయంత్రం, మేడ మీద మేము. పెళ్లి పత్రికలు, కుల సంఘాల క్యాలెండర్లు కింద అచ్చయ్యేవి. వాటి పుణ్యమా అని పైన పుస్తకాలు తయారయ్యేవి. (పుణ్యం అనే మాట వాడినందుకు నా హేతువాద మిత్రులు క్షమించాలి.) పుస్తకాలంటే ఎక్కువగా జీవితాలే. నేతపని కోసం తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లు, వాళ్ల పిల్లలు రాసుకున్నవి. సూరత్‌లో వాళ్లు తెలుగువాళ్లు. ఊరికి పోతే సూరత్ వాళ్లు. రెండు చోట్లా వాళ్లు బయటివాళ్ల కిందే లెక్క.

సంస్థ పెట్టింది నరహరి గారు. హేతువాద సభల్లో మైకు లేకుండా చివరి వరస దాకా వినిపించే గొంతు ఆయనది. ఎదుటివాడి వాదనను ముందు అతనికంటే బాగా చెప్పి, ఆ తర్వాతే పడగొట్టాలని నాకు నేర్పింది ఆయనే. నేను ఆ చర్చావేదికల్లో పెరిగినవాణ్ణి. నా దృష్టిలో దేవుడు లేడు, దెయ్యం లేదు, పూనకం లేదు. ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి నేను మెత్తబడతానని ఎదురుచూసేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

సంపాదకుడి పని అక్షరదోషాలు దిద్దడమని అనుకుని వస్తారు కొత్తవాళ్లు. అది ఈ పనిలో తేలికైన భాగం. ఒకరు తన జీవితం రాసుకుంటే అందులోకి మరో పదిమంది అడగకుండానే వచ్చి పడతారు. వాళ్లకు ఏమవుతుందో అచ్చుకు ముందే ఆలోచించడం కష్టమైన భాగం.

మొదట్లో మా సంస్థ అది ఆలోచించలేదు. ఒక సాంచెల కార్మికుడి జీవితకథ వేశాం. అందులో అతని అన్న తాగుడు ఉంది, అన్న అసలు పేరూ ఉంది. “నిజానికి భయమేమిటి?” అన్నారు నరహరి గారు. అన్నకు ఆ పుస్తకం సంగతి కార్ఖానాలో పక్క సాంచె మీది మనిషి చెప్పాడు, నవ్వుతూ చెప్పాడు. అన్నదమ్ములు ఇప్పటికీ మాట్లాడుకోరు. తమ్ముడు మళ్లీ కలం పట్టలేదు. అతను రాసిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. అయినా ఆ మాట అన్న ముందుగా తమ్ముడి నోటి నుంచి వినాల్సింది.

అప్పుడు నేనొక పద్ధతి పెట్టాను. పుస్తకంలో ఎవరున్నారో వాళ్లకు ఆ పేజీలు రాసినవాళ్లే చదివి వినిపించాలి. నేను పక్కన కూర్చుంటాను. వినేవాళ్లకు పుస్తకాన్ని ఆపే హక్కు లేదు. మాట్లాడే హక్కు ఉంది. వాళ్లు మాట్లాడటం అయ్యాకే అచ్చు.

స్రవంతి తెచ్చిన అధ్యాయం

స్రవంతి ఉధ్నా పక్కనే ఉన్న పాండేసరలో, బట్టలకు రంగులు వేసే ఒక మిల్లులో అకౌంట్స్ చూస్తుంది. పుట్టింది, పెరిగింది ఉధ్నాలోనే. తెలుగు బడిలో మొదలుపెట్టి గుజరాతీలో ముగించిన చదువు. ఆమె తెచ్చిన రాతప్రతిలో కథ చెప్పే అమ్మాయి పేరు స్రవంతి, తల్లి పేరు బాలమణి. స్రవంతి తల్లి పేరు నిజంగానే బాలమణి. కానీ మొదటి కాగితం మీద ‘నవల’ అని రాసి ఉంది.

ఇలాంటి రాతలు ఇప్పుడు అన్ని భాషల్లోనూ వస్తున్నాయి. తన జీవితమే, తన పేరే, అయినా అట్ట మీద నవల. ఇది కొత్త ఫ్యాషనని కొట్టిపారేసేవాళ్లను చూశాను. తొందరపడకండి.

ఆ పుస్తకంలో ఒక అధ్యాయం ఇలా ఉంది. ఆషాఢంలో వాడలో బోనాలు. మొదటి బోనం ఎత్తేది బాలమణి. ప్రతి ఏడూ ఆమెకు పూనకం వస్తుంది. ఆ ఏడు ఇంట్లో ఒక గొడవ నలుగుతోంది. కూతురిని బడి మాన్పించి కండెలు చుట్టే పనిలో కూర్చోబెట్టాలని తండ్రి నిర్ణయించాడు. కండెలంటే సాంచెలో అడ్డంగా పోయే దారాన్ని చుట్టే చిన్న గొట్టాలు. బాలమణి వద్దంది. ఆయన వినలేదు. బోనాల రోజు ఊగిపోతూ బాలమణి భర్త వైపు తిరిగి, “నా బిడ్డను బడి మాన్పిస్తే నీ సాంచె ఒక్కటి నడవనియ్య” అంది. ఆయన వాడలో అందరి ముందూ సాగిలపడ్డాడు. స్రవంతి చదువు ఆగలేదు.

ఆ ఊగుడులోనే పిల్ల ఒకటి చూసింది. కర్పూరం మండుతున్న పళ్లెం తన గౌను అంచుకు దగ్గరగా ఉంటే, తల్లి కాలి వేళ్లతో దాన్ని మెల్లగా పక్కకు జరిపింది. జుట్టు విరబోసుకుని, కళ్లు తేలేసి, ఒళ్లంతా ఊగుతున్న మనిషి పాదం మాత్రం నిదానంగా, జాగ్రత్తగా కదిలింది. అక్కడితో అధ్యాయం అయిపోయింది.

నరహరి గారు అది చదివి లేచి నిలబడ్డారు. “ఆత్మకథ అని వెయ్యాలి. నవల అంటే కల్పన అని తోసేస్తారు. కన్నకూతురే సాక్షి, ఇంతకంటే సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?” అన్నారు. వెనక అట్ట మీద వెయ్యడానికి అప్పటికప్పుడే ఒక వాక్యం రాశారు: పూనకం గుట్టు విప్పిన కూతురు.

స్రవంతి ఆ వాక్యం చూసింది. “సార్, నేను గుట్టు విప్పనీకి రాయలే. మా అమ్మ నన్ను బడికి ఎట్ల పంపిందో చెప్పనీకి రాసిన.”

“రెండూ ఒకటే కదమ్మా.”

“మీకు ఒకటే. పొద్దున లేచి ఆ గల్లీలో నీళ్లు పట్టేది మా అమ్మ.”

సాక్ష్యం ఎవరు చెప్పాలి

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి. పేరున్న కులంలో, పేరున్న ఊళ్లో పుట్టినవాడు నవల రాస్తే, ఎంత బాగా రాశాడని అడుగుతారు. మరమగ్గాల వాడలో పుట్టిన అమ్మాయి నవల రాస్తే, ఇది నిజంగా జరిగిందా అని అడుగుతారు. మొదటివాడికి ఊహించే హక్కు పుట్టుకతో వచ్చింది. రెండో మనిషి బోనులో నిలబడి ప్రమాణం చెయ్యాలి. అభ్యుదయం మాట్లాడే మనం కూడా ఆ బోను దగ్గర నల్లకోటు వేసుకుని నిలబడుతున్నాం. నరహరి గారి ఉద్దేశం మంచిదే. కానీ ఆయన స్రవంతిని రచయిత్రిగా చూడలేదు, తన కేసులో సాక్షిగా చూశారు. ఆయనకు ఈ మాట ముఖం మీదే చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ మధ్యలో మల్లేశం వచ్చాడు. కుల సంఘం పెద్ద. సంఘం క్యాలెండర్ ప్రూఫు చూడటానికి వచ్చినవాడు, నా టేబుల్ మీది కాగితాల్లో బాలమణి పేరు చూసి కూర్చుండిపోయి రెండు పేజీలు చదివాడు.

“ఏంది సారూ, మా వాడ ముచ్చట మీ టేబుల్ మీదికి ఎట్లొచ్చింది?”

“నవల, మల్లేశం గారూ.”

“నవలనో గివలనో. పేరు బాలమణి, బోనం మాది, గల్లీ మాది. గిది అచ్చయితే బాలమణి మొదటి బోనం ఎత్తుడు బంద్. ముందుగాల్నే చెప్తున్న, తర్వాత నన్ను అనొద్దు.”

మొదటి బోనం పోతే ఏం పోతుందని నాలాంటివాడు అడగవచ్చు. పోయేది చాలానే. మంగళవారం మంగళవారం ఆడవాళ్లు బాలమణి దగ్గరికి వచ్చి, ఇళ్లల్లో చెప్పుకోలేనివి చెప్పుకుంటారు. ఆమె నోట అమ్మవారు వాళ్ల భర్తలను తిడుతుంది. ఆ తిట్లకు భయపడి చెయ్యి ఎత్తని మగవాళ్లు ఆ గల్లీలో ఉన్నారు. ఇది మంచి ఏర్పాటా? కాదు. దెబ్బలు తప్పించుకోవడానికి దేవత అవసరమయ్యే చోటు అది. కానీ దాన్ని పీకేస్తే, మరొకటి కట్టేలోపు ఆ దెబ్బలు తినేది నరహరి గారూ కాదు, నేనూ కాదు.

డుమస్‌లో చదివింది

పుస్తకంలో ఉన్నవాళ్లలో తండ్రి అప్పటికే చనిపోయాడు. చదివి వినిపించాల్సింది బాలమణికే. ఇంట్లో కుదరదు. సాంచెల పక్కన కూర్చుని కండెలు చుట్టిచుట్టి ఆమె చెవులు మందగించాయి. ఆమెకు వినపడేలా చదివితే గల్లీ అంతా వింటుంది. అందుకని సాంచెలు ఆగే సెలవు రోజు చూసుకుని, ముగ్గురం ఆటోలో డుమస్ సముద్రం ఒడ్డుకు పోయాం.

“గీ సదువుడేందో ఇంట్ల సదువరాదు? భజియాల కోసం గింత దూరమా?” అని దారంతా గొణిగింది బాలమణి. ఎందుకు తీసుకుపోతున్నామో స్రవంతి ఆమెకు పూర్తిగా చెప్పలేదు. నా పుస్తకంల నువ్వున్నవు అని మాత్రం చెప్పింది.

టమాటా బజ్జీలు వేసే భజియాల బండి వెనక, నల్ల ఇసుక మొదలయ్యే చోట కూర్చున్నాం. గాలికి కాగితాలు లేస్తుంటే బాలమణి తన చెప్పు తీసి వాటి మీద పెట్టింది. “ఇగ సదువు.”

స్రవంతి అరుస్తున్నట్టు చదవడం మొదలుపెట్టింది. కండెల గొడవ దగ్గర బాలమణి తల ఊపింది. భర్త సాగిలపడిన చోట చిన్నగా నవ్వింది. పళ్లెం దగ్గరికి వచ్చేసరికి స్రవంతి గొంతు ఆగిపోయింది.

“ఆగినవేంది?”

“గాలి.”

“గాలి ఎప్పటిసందో ఉన్నది. సదువు.”

చదివింది. బాలమణి చేతిలోని భజియా నోటి దాకా పోలేదు. తిరిగి పొట్లంలో పెట్టేసింది.

“సూసినవా నువ్వు?”

“చూసిన.”

“గిన్నేండ్లు అడుగలేదేంది?”

“భయమైంది. నువ్వు అవునంటే భయం, కాదంటే భయం.”

ఈ ఆడమనిషి ఇప్పుడు లేచి ఆటో ఎక్కి పోతే నా పద్ధతి చేసిన మేలేమిటి? తల్లీకూతుళ్ల మధ్య ఇన్నేళ్లు మూతపడి ఉన్నదాన్ని నేనే తెరిపించాను.

బాలమణి నవ్వింది. “నీ గౌను నైలానుది. అంటుకుంటే ఆగుతదా? జరపకుంటే ఎట్ల?”

నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. “మరి బడి మాట ఎవరన్నారు, బాలమణి గారూ?”

“నువ్వు దేవుని నమ్మవంట కదా సారూ.”

“నమ్మను.”

“మరి నేనే అన్ననని నీకు ఎరుకేనాయె. నన్నెందుకు అడుగుతవు?”

“మీ నోట విందామని.”

“నాకు సగం యాదికుంటది, సగం ఉండది. పళ్లెం యాదికున్నది. ఆ మాట నోట్లకెళ్లి ఎట్లొచ్చిందో యాదికి లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న.”

ఎంత నిజాయితీగా చెప్పినా నేను వదలదలుచుకోలేదు. “సరే. బడి మాట మంచిదే. అదే నోరు రేపు జ్వరం వచ్చినవాళ్లకు వేపాకు చాలు అంటే?”

“ఎన్నడన్న గట్లన్ననా? అడుగు నా బిడ్డను.”

స్రవంతి తల దించుకుని ఏదో అంది. తల్లికి వినపడలేదు. “ఏంది?” అంది. కూతురు మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. “అన్నవమ్మా. ఒకసారి. పక్కింటి శ్రీకాంత్‌కు కామెర్లు అయినప్పుడు.”

భజియాలు తింటున్న ఎవరో తిరిగి చూశారు. బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు చూసింది. నీళ్లు చాలా దూరంలో ఉన్నాయి.

“గది గూడ రాసినవా?”

“తర్వాతి పేజీల ఉన్నది.”

“సదువు.”

ఆ పేజీ నరహరి గారు పట్టించుకోలేదు. నేను చదివాను, అయినా దాని బరువు తెలిసింది అక్కడే. అమ్మవారి మాట విని ఆ పిల్లవాణ్ణి ఆలస్యంగా ఆసుపత్రికి తీసుకుపోయారు. బాలమణి వార్డు బయట గోడకు ఆనుకుని కూర్చుని, వాడు కళ్లు తెరిచేదాకా మెతుకు ముట్టలేదు. వాడు బతికాడు. ఇప్పుడు పాండేసరలో పని చేస్తున్నాడు, ఆమెను పెద్దమ్మా అని పిలుస్తాడు. అప్పటి నుంచి ఎవరికి జ్వరం వచ్చినా ఆమె నోట వచ్చేది ఒకటే మాట, దవాఖానకు పొండ్రి.

చదవడం అయ్యాక బాలమణి చెప్పు తీసుకుని కాలికి వేసుకుంది. వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె కాగితాలు దులిపి కూతురి ఒళ్లో పెట్టింది.

“ఆ పోరని పేరు మార్చు. ఆనికి లగ్గం కావాలె. నా పేరు నీ ఇష్టం. గీ పేజీ మాత్రం తియ్యకు. గిది తీస్తే ఉన్నదంత అబద్ధమైతది.” కొంగు దులుపుకుంటూ, “బుక్కు మీద ఏమని ఏస్తరు?” అంది.

“నవల అని,” అంది స్రవంతి.

“అంటే ఏంది?”

“జరిగింది కొంత, నేను అనుకున్నది కొంత. రెండు కలిపి.”

“అయితే సరే. నాకు యాదికి లేని సగం నువ్వు రాసినవు కద. గది నీది.”

నేను సంపాదకుడిగా పనిచేసిన కాలమంతా నవలకూ ఆత్మకథకూ తేడా గురించి ఎన్నో ముందుమాటలు చదివాను, కొన్ని రాశాను. ఆ ముందుమాటల్లో ఈ సంగతి లేదు. ఒకే రోజు ఇద్దరికి జరిగింది. ఒకరికి పళ్లెం మాత్రమే గుర్తుంది, ఒకరికి మాట కూడా గుర్తుంది. ఆత్మకథ అని వేస్తే కూతురు గెలిచి తల్లి ఓడిపోవాలి. నవల అని వేస్తే ఇద్దరికీ చోటు ఉంటుంది. నిజాన్ని దాచడానికి కాదు ఆ మాట. నీకు తెలిసినంత మేరకే ప్రమాణం చెయ్యడం కూడా హేతువాదమే.

తిరుగు ఆటోలో బాలమణి చల్లారిన భజియాలన్నీ తినేసింది. నాకు చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

తర్వాత

నరహరి గారు వాదించారు. వాదించకపోతే నేను కంగారుపడేవాణ్ణి. “సాక్ష్యాన్ని చేజేతులా వదిలేశావు” అన్నారు. కామెర్ల పేజీ ఆయన ముందు పెట్టాను. చదివి, వెనక అట్ట మీది తన వాక్యాన్ని తానే కొట్టేశారు. “దీని ముందు నాది మరీ పోస్టర్ మాటలా ఉంది” అన్నారు. వెనక అట్ట ఖాళీగానే అచ్చయింది.

పుస్తకం వచ్చిన వారం బాలమణి ఎవరూ అడగకముందే మంగళవారం ఆడవాళ్లతో చెప్పేసింది. నా బిడ్డ గిట్ల రాసింది, జరాలకు, కామెర్లకు నా దగ్గరికి రాకుండ్రి అని. వాళ్లు ఏమన్నారో స్రవంతి నవ్వుతూ చెప్పింది. ఒకామె అందట: “మాకు ఎరుక లేదనుకున్నవా అక్కా? మీ ఇంటి అమ్మవారికి మీ ఆయన మీద్నే ఎందుకంత కోపముండెనో?”

ఇది విన్నాక నేను కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వాను. మేము ఆఫీసులో కూర్చుని ఎవరిని కాపాడాలి, ఎవరి గుట్టు విప్పాలి అని కొట్టుకున్నాం. వాళ్లకు అంతా తెలుసు. తెలిసీ ఆ ఏర్పాటును వాడుకుంటున్నారు. నమ్మకం గురించి నేను చదివిన వాదనలన్నిటిలో ఈ సంగతికి చోటు లేదు. చోటు చెయ్యాల్సింది నేను. ఆమెకు జ్వరాల విషయంలో నేను చెప్పింది మాత్రం వెనక్కి తీసుకోను. ఆమె కూడా తీసుకోనివ్వలేదు.

ఆషాఢంలో మొదటి బోనం బాలమణే ఎత్తింది. మల్లేశం అడ్డం రాలేదు. అతని కోపం వేరే దారి పట్టింది. పుస్తకంలో మీసాలు మెలేసే సంఘం పెద్ద ఒకడు ఉన్నాడు. స్రవంతిని దారిలో ఆపాడట.

“గీడు నేనే కద బిడ్డా?”

“నవల మామా.”

“నవలైతే జర మంచిగ రాయరాదు? ఎట్లయినా నీ చేతుల్నే ఉన్నదాయె.”

కుల సంఘం పెద్దకు కల్పన స్వేచ్ఛ గురించి ఇంత త్వరగా అర్థమవుతుందని నేను అనుకోలేదు.

ఇప్పుడు రాతప్రతి చేతిలో ఉన్న మీ సంగతి. మీ రాతప్రతిలో ఏ పేజీ దగ్గర మీ గొంతు ఆగుతుందో మీకు తెలుసు. అట్ట మీద ఏం వెయ్యాలని నన్ను అడగకండి. ఈ వారం సెలవు రోజున ఆ పేజీ తీసుకుని, అందులో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లండి. గాలి ఉంటే కాగితాల మీద చెప్పు పెట్టండి. వాళ్లకు వినపడేలా, ఒక్క వాక్యం మింగకుండా చదవండి. వాళ్లు మాట్లాడటం అయ్యేదాకా లేవకండి. ఆ తర్వాతే అచ్చుకు ఇవ్వండి.